పెంటయ్యకు మట్టి ఆరినంకనే నీళ్లు

పోయిన నెల ఫోన్ మార్చాను. పాతది చెయ్యి జారి మెట్ల మీద పడి, తెర సగం నల్లబడిపోయింది. దుకాణంలో ఆయన రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, "భయ్యా, పాత చాట్లు అన్నీ తేవాల్నా? లేకుంటె కొత్తగ మొదలువెడ్తవా? అన్నీ అంటే రెండు గంటలు పడ్తది," అన్నాడు. "అన్నీ రావాలె. ఒక్కటి పోయినా ఊకోను," అని అరిచాను. పాపం ఆయనేం చేశాడు! "తెస్త గదా, గట్లెందుకు ఒర్లుతున్నవ్," అని గొణుక్కుంటూ తీగలు తగిలించాడు. నా కోపం ఎప్పుడూ అంతే. అది ముందొచ్చేస్తుంది, కారణం వెనకాల తీరిగ్గా నడిచొస్తుంది. ఆ రెండు గంటలూ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. చేతిలో ఫోన్ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియని మనిషిని నేను. మోకాళ్ల మీద పెట్టుకున్నాను, చంకల్లో పెట్టుకున్నాను. నా భయమంతా ఒక్కదాని కోసమే. అమ్మ దవాఖాన మంచం మీద నుంచి పంపిన వాయిస్ మెసేజ్, రెండు నిమిషాల నలభై సెకన్లది. అది కొత్త ఫోన్‌లోకి వచ్చిందో లేదో చూసుకునేదాకా ఆ స్టూలు మీద కూర్చుని నల్గొండలో గడిపిన రోజులన్నీ మళ్లీ గడిపాను.

అమ్మది ఆత్మకూరు దిక్కు ఒక చిన్న ఊరు. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక ఆమెకు మిగిలిన భూమి మా మూడో అంతస్తు ఇంటి బాల్కనీ. రెండు చేతులు చాపితే అటు గోడ, ఇటు గోడ తగిలేంత జాగా. కుట్టుమిషన్ కూడా అక్కడే పెట్టుకుని జాకెట్లు కుట్టేది. తెల్లారగానే బియ్యం కడిగిన నీళ్లు ఒక చెంబులో, కడిగి ఆరబెట్టిన టీపొడి ఒక గిన్నెలో పట్టుకుని బాల్కనీలోకి వెళ్లేది. తడిసిన మట్టి వాసన, మిషన్ నూనె వాసన, పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల సబ్బు వాసన కలిసి లోపలికి వచ్చేవి. నాకు పొద్దున అంటే ఆ వాసనే. ఐదు మొక్కలుండేవి, నాలుగు కుండీల్లో, ఒకటి సీసాలో. ప్రతిదానికీ ఒక పేరు. పేరు పెట్టడమే కాదు, పేరు పెట్టి తిట్టేది, బతిమాలేది, ముచ్చట చెప్పేది. "ఏమే లచ్చుమమ్మా, గోడెక్కి ఎటు వోతున్నవే నన్నిడిచిపెట్టి?" అనేది. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూసుకునేవాణ్ని. ఆమె ఏ పేరుతో ఏ మొక్కను పిలుస్తోందో ఒక్కరోజు కూడా తలెత్తి చూడలేదు.

నాకూ ఆమె పెట్టుకున్న పేరొకటి ఉండేది. బళ్లో నిఖిల్‌ని, ఇంట్లో పెంటయ్యను. ఎందుకు ఆ పేరని ఎప్పుడూ అడగలేదు. పెంట అంటే చెత్త, పేడ అని మాత్రం తెలుసు. తొమ్మిదో తరగతిలో ఒకరోజు టిఫిన్ డబ్బా మర్చిపోయాను. అమ్మ బడి గేటు దాకా ఉరికొచ్చి, నేను దోస్తులతో నిలబడి ఉండగా, "పెంటయ్యా! ఒరే పెంటయ్యా! డబ్బా మర్చినవ్ గదరా!" అని కేకేసింది. ఇంక ఏడాదంతా నేను బళ్లో 'పెంట'నే. నేను గదిలోకి రాగానే ముక్కులు మూసుకునేవాళ్లు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి డబ్బా గోడకేసి కొట్టాను. "ఇంకోసారి ఆ పేరు తీసినవంటే ఇంట్ల ఉండ. ఏం పేరది? ఎవలన్న కన్నకొడుక్కు గా పేరు వెడ్తరా?" అన్నాను. అమ్మ పప్పు మరకలు తుడుస్తూ కూర్చుంది. ఏదో చెప్పబోయి ఆగింది. "సరే బిడ్డా, పిలవ," అంది. అంతే. ఆ రోజు నుంచి నన్ను నిఖిలూ అనే పిలిచింది. మాట నిలబెట్టుకుంది. ఆ మాట ఆమె దగ్గర తీసుకున్నందుకు అప్పట్లో నేను గెలిచాననుకున్నాను.

నేను సర్కారు కొలువు పరీక్ష రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో అమ్మ దవాఖానలో చేరింది. రెండు వారాలు ఉండి వచ్చేస్తుందనుకున్నాం. మొక్కలకు నీళ్లు ఎలా పొయ్యాలో చెబుతూ ఆ మెసేజ్ పంపింది. నేను రెండు మాటలు విని, బొటనవేలు బొమ్మ ఒకటి కొట్టి పంపాను. అమ్మకు నేనిచ్చిన ఆఖరి జవాబు ఆ బొటనవేలు. మూడో రోజున ఆమె పోయింది. నెల తిరగకుండా ఇల్లు ఖాళీ చేశాం. నాయిన పటాన్‌చెరులో తను పనిచేసే కంపెనీ క్వార్టర్‌కు వెళ్లిపోయాడు. ఆయనా నేనూ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఇద్దరి మాటలూ అమ్మ ద్వారానే అటూ ఇటూ వెళ్లేవి. నాకు నల్గొండలో పోస్టింగ్ వచ్చింది, దరఖాస్తులు కంప్యూటర్‌లో ఎక్కించే పని. ఒక బ్యాగు, ఒక పరుపు, ఐదు మొక్కలతో బస్సెక్కాను. "చెట్లకు గూడ టికెట్ గొట్టాల్నా సారూ?" అని కండక్టర్ నవ్వాడు. నేను నవ్వలేదు. నార్కట్‌పల్లిలో బస్సు ఆగి అందరూ టీకి దిగినప్పుడు నా ఒళ్లోని రంగురంగుల క్రోటన్ మొదటి ఆకు రాల్చింది. తీసి కిటికీలోంచి పారేశాను.

నల్గొండలో బస్టాండుకు కొంత దూరంలో, ఊరు అయిపోయి చేన్లు మొదలయ్యే చోట కిరాయికి ఒక గది దొరికింది. ఇంటామె అరవై దాటిన మనిషి. రెండు బర్రెలను పెట్టుకుని పాలు పోసేది. మొదటిరోజు నేను "ఆంటీ" అంటే, "ఆంటీ ఏంది? నీ తల్లికి తల్లి లెక్కున్న. అవ్వ అను," అంది. అప్పటి నుంచి అవ్వే. ఆమె మాత్రం నన్ను సారు అనేది. అందులో మర్యాద పావు వంతు, వెక్కిరింత ముప్పావు. పొద్దున్నే జొన్నరొట్టె తట్టే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. కట్టెల పొగ, బర్రెల కొట్టం వాసన, బర్రెలు కుడితి తాగే గోళెం పులుపు కలిసి నా కిటికీలోకి వచ్చేవి. రొట్టె తట్టడం అయిపోగానే అవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టి, ఒక్కో ఎముకనూ బతిమాలుకున్నట్టుగా లేచేది. ఆఫీసులో నాకు ఒక్క దోస్తూ కాలేదు. వచ్చిన రెండో వారంలోనే పక్క సీటాయనతో గొడవ పడ్డాను. తర్వాత అందరూ నాతో పని మాటలే మాట్లాడారు. సాయంత్రం అయిదున్నరకు గదికి వస్తే మళ్లీ పొద్దున దాకా నా నోట్లోంచి మాట వచ్చే అవసరం ఉండేది కాదు. ఫోన్‌లో వందలమంది మాట్లాడుతుండేవాళ్లు. ఒక్కరూ నాతో కాదు.

అప్పుడు మొదటిసారి ఆ మెసేజ్ మళ్లీ తెరిచాను. మామూలు వేగంలో వినలేకపోయాను. "నిఖిలూ" అని అమ్మ గొంతు రాగానే ఛాతీలో ఏదో పట్టేసేది. రెండింతల వేగం పెట్టాను. అలా పెడితే గొంతు సన్నబడి, ఎవరో టీవీలో వార్తలు చదువుతున్నట్టు ఉంటుంది. అమ్మలా ఉండదు. అలా విని పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. లచ్చుమమ్మకు నీళ్లు మారిస్తే చాలు. హెడ్మాస్టర్‌కు వారానికొకసారి, మర్చిపోయినా ఏమనడు. ఆడబిడ్డెకు పిల్లలు పుట్టగానే వేరే కుండీల్లో పెట్టు, లేకుంటే ఇల్లంతా ఆమెదే అంటుంది. రాణెమ్మ సోకులాడి, రోజూ నిండుగా పొయ్యాలె, ఒక్క పూట తప్పితే మొఖం వేలాడేస్తది. పెంటయ్యకు మట్టి ఆరినంకనే పొయ్యి.

అక్కడ ఆపేశాను. పెంటయ్య! నేను కాదన్న పేరు తీసుకెళ్లి ఒక చెట్టుకు పెట్టిందా? నా మీద కోపమా? వెక్కిరింతా? చచ్చిపోయిన మనిషి మీద కోపం రావడం ఎంత నీచమో నాకు తెలుసు. కానీ వచ్చింది. కాగితం పట్టుకుని కుండీల ముందు కూర్చున్నాను. అమ్మ నాకు పేర్లయితే ఇచ్చిపోయింది, ఏ పేరు ఎవరిదో చెప్పలేదు. చెబుతుండగా ఇన్నేళ్లూ విననివాణ్ని నేనే. ఎవరు ఎవరో పట్టుకోవాలి, ఐదింటినీ బతికించాలి. ఆ గదిలో నాకున్న పని అదొక్కటే. ఒక్కటి పోయినా అమ్మ మాట ఒకటి పోయినట్టే. సీసా నీళ్లలో తీగ సాగే మనీప్లాంట్ లచ్చుమమ్మ అని తేలిగ్గానే తెలిసింది. బెత్తం పట్టుకున్నట్టు నిటారుగా నిలబడ్డ స్నేక్ ప్లాంట్ హెడ్మాస్టర్. నలుదిక్కులా పిల్లల్ని వేలాడేసుకున్న స్పైడర్ ప్లాంట్ ఆడబిడ్డె. మా చిన్న మేనత్త సెలవులకు నలుగురు పిల్లలతో వచ్చి దిగేది, అది తలచుకుని ఆ పేరు పెట్టి ఉంటుందని నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. ఇంక రెండు మిగిలాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసిన క్రోటన్. చింపిరి జుట్టులా గోధుమరంగు కొసలతో ఉన్న ఫెర్న్. ఇందులో ఆలోచించడానికి ఏముంది? అందగత్తె రాణెమ్మ, చింపిరిది పెంటయ్య. అలాగే కాగితం మీద రాసి కుండీలకు అంటించాను.

నల్గొండ ఎండ, బోరు నీళ్లు. పది రోజులకే ఆడబిడ్డె ఆకుల కొసలు మాడిపోయాయి. అవ్వ చూసి, "గా బోరునీళ్లు వోస్తున్నవా సారూ? అవి తాగే గదా నా మోకాళ్లు గిట్లయింది. గంత చిన్న ఆకు ఏం తట్టుకుంటది? నల్లా నీళ్లు వొయ్యి," అంది. నల్లా వచ్చే వేళకు ఒక బకెట్ నా కోసం పట్టి పెట్టేది. రాణెమ్మకు, అంటే నేను రాణెమ్మ అనుకున్నదానికి, రోజూ పొద్దున నిండుగా పోశాను. మట్టి ఎప్పుడూ బురదగా ఉండేది. ఎండ కోసమని ఒకరోజు కిటికీ దగ్గర, ఒకరోజు గుమ్మంలో, ఒకరోజు మెట్ల మీద పెట్టి చూశాను. పెంటయ్య అనుకున్నదానికి మట్టి ఎండేదాకా ఆగాను. నిజం చెప్పాలంటే ఎండాక కూడా ఆగాను. ఆ పేరు కనబడితే చెంబు పక్కకు తిరిగేది.

ముందు ఫెర్న్ పోయింది. పట్టుకుంటే పొడి అయ్యేలా ఎండింది. పెంటయ్య చచ్చిపోయాడు అనుకున్నాను. ఏడవలేదు. తర్వాత క్రోటన్ మొదలుపెట్టింది. రోజుకు మూడు ఆకులు, నాలుగు ఆకులు. పొద్దున లేచేసరికి కుండీ చుట్టూ రంగుల చెత్త. నీళ్లు ఇంకా ఎక్కువ పోశాను. ఫోన్‌లో చూసి ఎవరో చెప్పిన మందు కొన్నాను. దాని ముందు కూర్చుని "నీకేం తక్కువ చేసిన?" అని అరిచాను కూడా. ఆఫీసులో మాట పడి వచ్చిన ఒక సాయంత్రం చూస్తే ఆఖరి ఆకు కూడా రాలిపోయి ఉంది. మిగిలింది ఒక కట్టె. మొదలు పట్టుకుని పీకి, పెరట్లో బర్రెల పేడ వేసే పెంటకుప్ప మీదకు విసిరేశాను. వట్టి కుండీ తెచ్చి గోడవారగా బోర్లించాను. ఆ రాత్రి అన్నం తినలేదు. ఐదుగురిలో ఇద్దరిని చంపాను.

ఒక పదిహేను రోజుల తర్వాత అనుకుంటా, ఆదివారం. మీటర్ చూసే ఆయన గేటు దగ్గర నిలబడి, "పెంటమ్మా! ఓ పెంటమ్మా! కరెంటు బిల్లు!" అని పిలిచాడు. నాకు మళ్లీ బడి గేటు దగ్గర నిలబడ్డట్టే అయింది. అవ్వ కొట్టంలోంచి చీర కుచ్చిళ్లు దోపుకుంటూ వచ్చి, "ఏందిర గట్ల మొత్తుకుంటున్నవ్, చెవుడా నాకు?" అని బిల్లు తీసుకుంది. ఆయన వెళ్లిపోయాక నేను ఆగలేకపోయాను.

"అవ్వా, నీ పేరు పెంటమ్మా?"

"అవ్. ఇన్నొద్దులు ఎరుకలేదా? కిరాయి కాయితం మీద ఉన్నది గద."

నేను కాగితం చూడలేదు, ఫొటో తీసుకుని ఊరుకున్నాను. "నీకు కోపం రాదా? అందరి ముందట గట్ల పిలిస్తే?"

"కోపమెందుకు?" అవ్వ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నాకంటె ముందు మా అమ్మకు ముగ్గురు పుట్టి పోయిండ్రు. నాలుగోదాన్ని నేను. పుట్టంగనె తీస్కపోయి పెంటకుప్ప మీద పండవెట్టిండ్రట. పక్కింటామె వచ్చి, అయ్యో ఎవలిదో పిల్ల పెంట మీద దొరికింది అని చాటల ఎత్తుకున్నది. మా అమ్మ ఒక దోసెడు తవుడు ఇచ్చి నన్ను కొనుక్కున్నది. పారేసినదాన్ని, ఎవలకు అక్కెర లేనిదాన్ని, ఇంక సావుకు మాత్రం ఏం అక్కెర? ఇడిసిపెడ్తది. గందుకే పెంటమ్మ. సూడు, అరవై ఏండ్లు దాటినా పోతలేను." నవ్వింది. "మా అమ్మకు నేనంటె పానం సారూ. పానం ఉన్నోళ్లకే ఆ పేరు వెడ్తరు. నీకేమైంది, గట్ల సూస్తున్నవ్?"

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఫోన్ తీసి నాయినకు చేశాను. ఆయన ఎత్తి, "తిన్నవా?" అన్నాడు. మా ఇద్దరి మాటలకు మొదలూ చివరా అదే.

"నాయినా, నాకంటె ముందు అమ్మకు ఎవలన్న పుట్టిండ్రా?"

 లైను తెగిందేమో అని ఫోన్ చూసుకున్నాను. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"ఇద్దరు," అన్నాడు. "ఒకడు పదకొండో రోజు. ఇంకోడు మూడు నెలలు. నువ్వు పుట్టినంక మీ అమ్మమ్మ ఆత్మకూరు కాడ అన్నీ జేసింది. నాకు నచ్చలే. పట్నంల ఉద్యోగం జేసేటోన్ని, ఈ పెంటకుప్ప ఏంది అన్న. మీ అమ్మ ఇనలే. ఎవ్వలకు చెప్పొద్దన్నది, చెప్తే దిష్టి అన్నది." ఆగాడు. "ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్పలే," అన్నాను. "చెప్పబోతే నేనే విననియ్యలే."

ఫోన్ పెట్టేసి అమ్మ మెసేజ్ తెరిచాను. ఈసారి వేగం మార్చలేదు. మామూలుగా పెట్టాను. నిఖిలూ అనగానే ఛాతీ పట్టేసింది, పట్టేయనీ అనుకున్నాను. ఊపిరి కోసం ఆగి ఆగి మాట్లాడుతోంది. రెండింతల వేగంలో ఆ ఊపిరి వినపడదు. నేను అంతకుముందు ఆపేసిన చోటు దాటి ఇంకా నలభై సెకన్లు ఉంది. "పెంటయ్యకు మట్టి ఆరినంకనే పొయ్యి. వాని జాగ మార్చకు బిడ్డా. జాగ మారిస్తే అలుగుతడు. ఆకులన్ని రాలగొట్టుకుని కట్టె లెక్క నిలవడ్తడు. అలిగిండని తీసెయ్యకు. లోపట పానం ఉంటది వానికి. జర ఓపిక పట్టు, మల్ల ఆకేస్తడు. మంచి రంగులోడు. గా పేరు నువ్వు వద్దంటివి. నా నోరు ఊకుంటదా? గందుకే వానికి వెట్టుకున్న. ఏమనుకోకు." తర్వాత ఎవరో, "అమ్మా, మాట్లాడొద్దు, పండుకోండి," అన్నారు. అయిపోయింది.

క్రోటన్! నేను రాణెమ్మ అనుకుని రోజూ నీళ్లలో ముంచి, మూడు జాగాలు తిప్పి, అలిగితే పీకి విసిరేసింది పెంటయ్యను. చింపిరి ఫెర్న్ రాణెమ్మ. సోకులాడిని ఎండబెట్టి చంపాను. నా పేరున్నవాడు ఎంత అందగాడో నేను ఊహించనైనా లేదు. చెప్పుల్లేకుండా పెరట్లోకి ఉరికాను. కుప్ప లేదు. కుప్ప ఉండాల్సిన చోట నల్లటి తడి మచ్చ, ట్రాక్టర్ టైర్ల గుర్తులు.

"అవ్వా! పెంట ఏదీ?"

"పొలాలకు తోలిచ్చిన. మొన్ననె. వానలు వడ్తె ట్రాక్టరు దిగవడ్తది గద. నీకెందుకు, ఎవుసం జేస్తవా?"

 అక్కడే కూర్చుని మొదటిసారి ఏడ్చాను. అమ్మ పోయిన రోజున అంతమందిలో ఏడవనివాణ్ని, ఒక ఇంటామె పెరట్లో, పేడ మచ్చ పక్కన వెక్కి వెక్కి ఏడ్చాను. అవ్వ కాసేపు చూసింది.  తర్వాత నా భుజం మీద తట్టి, "లే. కొట్టంలకు రా," అంది.

బర్రెల కుడితి గోళెం వెనక, పొద్దుటి ఎండ మాత్రమే పడే మూల, అడుగున చిల్లులు పొడిచిన పాత నూనె డబ్బాలో ఆ కట్టె ఉంది. కొసన రెండు చిగుళ్లు. గోరంత కూడా లేవు, లేత ఎరుపు.

"పెంట మీద వడి ఉండె. గీరి చూస్తే పచ్చగున్నది. పానమున్నదాన్ని పారేస్తరా ఎవలన్న?" అంది అవ్వ. నేను చెయ్యి చాపాను. ఆమె డబ్బాకు అడ్డంగా నిలబడింది.

"అగో! పారేసినోనికి అడిగే మొఖమున్నదా? పెంట మీద నుంచి ఎత్తుకున్నది నేను. ఇగ ఇది నాది. నీకు గావాలంటె మా అమ్మ లెక్క తవుడు ఇచ్చి తీస్కపో."

"ఇస్త. తవుడు యాడ దొరుకుతది?"

"గది గూడ నేనే చెప్పాల్నా? సదువుకున్నోడివి గద."

ఆమె వెనకే, బర్రెల కోసం తెచ్చిన తవుడు బస్తా గోడకు ఆనించి ఉంది. నేను చూడలేదు. ఫోన్ తీసి వెతికాను. మూడు రోజులకు ఒక డబ్బా వచ్చింది, మీద సన్నగా నవ్వుతున్న ఒకామె బొమ్మతో. లావు తగ్గాలనుకునేవాళ్లు పాలల్లో కలుపుకునే గోధుమ తవుడు అది. అవ్వకు ఇచ్చాను. మూత తీసి వాసన చూసింది, చిటికెడు నోట్లో వేసుకుంది, నా మొహం చూసింది. తర్వాత ఆమె నవ్విన నవ్వు ఎదురింటి లచ్చమ్మకు వినపడింది. "ఓ లచ్చమ్మా! రా, సూడు రావే! మా సారు ఫోన్ల తవుడు తెప్పిచ్చిండు! పట్నపోళ్లు బర్రెల తిండి డబ్బాలల్ల వోసుకుని తింటున్నరటనే!" ఎవరైనా అలా నవ్వితే నేను ఊరుకునేవాణ్ని కాదు. ఆ రోజు నాకూ నవ్వొచ్చింది. అంత గట్టిగా నవ్వి చాలా నెలలయిందని దవడలు నొప్పి పుట్టాక తెలిసింది.

తవుడు తవుడే అని అవ్వ ఒప్పుకుంది. చాట తెచ్చి అందులో ఆ నూనె డబ్బా పెట్టింది. కుప్ప ఉండిన చోటికి మోసుకెళ్లి, నేల మీద దించి, మళ్లీ ఎత్తుకుని నా గది గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. మొహంలో నవ్వు లేదు. ఆ మోకాళ్లతో అంత బరువు పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో నాకు కనిపిస్తూనే ఉంది.

"ఇంట్ల ఎవలున్నరు? పెంట మీద ఒక పోరడు దొరికిండు. ఎవలకన్న గావాల్నా?"

"కావాలె," అన్నాను.

"ఏమిస్తవ్?"

దోసెడు తవుడు చాటలో పోశాను.

"ఏం పేరు వెట్టుకుంటవ్?"

 తొమ్మిదో తరగతి నుంచి ఆ మాట నా నోట్లోంచి రాలేదు. "పెంటయ్య," అన్నాను, నాకే వినపడీ వినపడకుండా.

"గట్టిగ. వానికి ఇనవడాలె."

"పెంటయ్య!" అని అరిచాను. ఎదురింటి లచ్చమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. చూడనీ. అవ్వ చాట నా చేతుల్లో పెట్టి, "తీస్కో. ఇగ పొయ్యేటోడు గాదు వీడు," అంది.

ఇప్పుడు నేను మళ్లీ హైదరాబాద్‌లోనే ఉంటున్నాను, వేరే ఆఫీసు, వేరే గది. ఈ గదిలో కట్టెల పొగ వాసన లేదు, రొట్టె చప్పుడు లేదు. అలారం మోగితే లేస్తాను. అమ్మ మెసేజ్ కొత్త ఫోన్‌లోకి చెక్కుచెదరకుండా వచ్చింది. లచ్చుమమ్మ కిటికీ ఊచలు ఎక్కింది. హెడ్మాస్టర్ ఎప్పటిలాగే నిటారుగా ఉన్నాడు. ఆడబిడ్డె పిల్లల్ని ఆఫీసులో అందరికీ పంచాను, ఆ సాకుతో నలుగురితో మాటలు కలిశాయి. ఇంకో ఫెర్న్ తెచ్చుకున్నాను కానీ దానికి రాణెమ్మ అని పేరు పెట్టడానికి మనసొప్పలేదు. ఆ పేరు ఒకరిది. పెంటయ్య ఇప్పుడు నా నడుము దాకా ఉన్నాడు. ఇక్కడికి తెచ్చినప్పుడు మళ్లీ అలిగాడు, నెలన్నర కట్టెలాగే నిలబడ్డాడు. నేను కదలకుండా ఎదురుచూశాను. అంత ఓపిక నాకు ఎక్కడిదో తెలియదు. ఆఫీసులో మాత్రం ఇప్పటికీ వారానికొకసారి అరుస్తాను.

ఆదివారాలు అవ్వకు ఫోన్ చేస్తాను. ఒకసారి, అడగాలా వద్దా అని చాలా ఆలోచించి, "అవ్వా, నన్ను కూడ మా ఇంట్ల పెంటయ్య అనెటోళ్లు. నువ్వు ఒక్కపారి గట్ల పిలుస్తవా?" అన్నాను.  "వద్దు సారూ," అంది. "అది మీ అమ్మ కొనుక్కున్న పేరు. నేనెట్ల పిలుస్త? పిలిస్తే నన్ను నేను పిలుసుకున్నట్టుంటది," అని నవ్వి, బర్రె ఈనిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నాయిన ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. తిన్నవా అంటాడు, తిన్న అంటాను. అమ్మమ్మ లేదు. ఒకప్పుడు ఆ పేరు వినపడకుండా ఉండాలని డబ్బా గోడకేసి కొట్టాను. ఇప్పుడు ఈ ఊళ్లో కోటిమంది ఉన్నారు, ఫోన్‌లో ఎన్ని వందల నంబర్లున్నాయో లెక్కలేదు, ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఒక్కరు లేరు.

పొద్దున కుండీ దగ్గర కూర్చుని మట్టిలో వేలు పెట్టి చూస్తాను. తడి ఉంటే ఊరుకుంటాను. ఆరితే చెంబుతో కొంచెం కొంచెంగా పోస్తూ, పెంటయ్యా అని పిలుస్తాను. గది నిశ్శబ్దంగా ఉంటుంది. కాసేపాగి, ఆఁ అని నేనే పలుకుతాను.